కుక్కకి తాడు కట్టి కాలువ గట్టు ఎక్కితే చాలు, ఎదురొచ్చిన ప్రతిదాని మీదకీ వెళ్తోంది. ఏం చెయ్యాలి?

జున్ను వాళ్ళమ్మ (అంబాజీపేట దగ్గర) · డిసెంబర్ 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా కుక్క పేరు జున్ను. నాటు కుక్క, ఆడది, 17 కిలోలు. కిందటేడు వరదలప్పుడు మావారి స్నేహితులు లంకలోంచి పడవలో తెచ్చారు. అప్పటికే పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తున్నాయి, నాలుగైదు నెలలు ఉంటుందన్నారు డాక్టరు గారు. ఇంట్లో వెన్నముద్ద. కుక్కర్ కూత వేస్తే మంచం కింద దూరుతుంది. పక్క తోటలో దింపు తీస్తుంటే కాయ పడ్డ ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటిది తాడు కట్టి గట్టు ఎక్కానంటే ఇంకో కుక్క. ఎదురుగా కుక్క కనబడినా, సైకిల్ వచ్చినా, భుజం మీద అరటి గెలతో మనిషి వచ్చినా ముందు బిర్రబిగుస్తుంది, నోరు మూసేస్తుంది, ఆ తర్వాత గీపెడుతూ మీదకి దూకుతుంది. చేతులు ఊడొస్తాయి.

నిన్న పొద్దున్న ఆరున్నరకి చేపలాయన మోపెడ్ మీద వచ్చాడు. మా గట్టు ఎనిమిదడుగులు ఉంటుందేమో. ఒక పక్క కాలువ, రెండో పక్క పంట బోదె. నేను తాడు చేతికి రెండు చుట్లు చుట్టి బోదె వైపు ఒదిగి నిలబడ్డాను. జున్ను ఒక్క దూకు దూకింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను, ఆయన తప్పించబోయి బండి వాల్చేశాడు, తట్టలో శీలావతులు గట్టంతా పరుచుకున్నాయి. మాది గుడ్డు కూడా రాని ఇల్లు. పుట్టి బుద్ధెరిగాక చేపని చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. రెండు కాలువలోకి జారిపోయాయి. ఆరు వందలిచ్చాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది.

అత్తయ్య గారు “దాన్ని తోటలో కట్టి పడెయ్యవే, నడకలేంటి దానికి” అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇలాంటి కుక్కతో ఎవరైనా వేగారా?

పాలకొల్లు పిల్లోడు · డిసెంబర్ 4, రాత్రి 10:03

వేగాను అక్కా, నాలుగేళ్ళు. ముందు మోకాలికి ఏమైనా రాసుకోండి.

రెండు మాటలు. ఒకటి, తాడు చేతికి చుట్టుకోవద్దు, ఎప్పుడూ. వేళ్ళు విరుగుతాయి, కుక్కతో పాటు మీరూ కాలువలో ఉంటారు. చివరి ఉచ్చు బొటనవేలికి తగిలించి, మిగతాది మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకోండి.

రెండోది, జున్నుది పొగరు కాదు. మంచం కింద దూరే కుక్కే గట్టు మీద మొరిగేది, రెండూ ఒకటే భయం. ఇంట్లో మంచం ఉంది, గట్టు మీద మంచం లేదు. పారిపోదామంటే మెడకి తాడు. అందుకని “నువ్వే పో” అని అరుస్తుంది. చేపలాయన ఎలాగూ తన దారిన పోయేవాడే. కానీ దాని లెక్కలో తను అరిచింది కాబట్టే పోయాడు. ఇలా రోజుకి పదిసార్లు గెలుస్తుంటే ఎందుకు మానుతుంది చెప్పండి?

పైగా ఎవరైనా కనబడగానే మనం తాడు బిగిస్తాం. నేనూ బిగించేవాణ్ణి. మన టెన్షన్ తాడు మీదుగా దిగుతుంది దానికి.

ఒక్కటి కొలిచి చెప్పండి: ఎన్ని అడుగుల దూరంలో ఉండగా అది మొదట బిగుసుకుంటుంది? మొరిగే దూరం కాదు. చెవులు నిక్కి, నోరు మూతపడే దూరం.

పాత మునసబు (రాజోలు వైపు) · డిసెంబర్ 5, ఉదయం 5:20

మా నాన్నగారి రోజుల నుంచీ గుమ్మంలో కుక్క లేని రోజు లేదు. ఈ భయాలు, లెక్కలు మాకు తెలియవు. మీదకెళ్ళినప్పుడు తాటిమట్టతో రెండు తగిలిస్తే మూడోసారి వెళ్ళదు. మరీ పెంకిదైతే ముళ్ళ బెల్టు వెయ్యండి. మనుషుల పిల్లలకే ఇంత గారం లేదు ఈ రోజుల్లో.

గౌతమి ఒడ్డు (యానాం) · డిసెంబర్ 5, ఉదయం 7:48

మునసబు గారూ, మా పెదనాన్నా అదే చేశారండి. కుక్క మొరగడం మానేసింది. ఆర్నెల్లకి మొరక్కుండానే పాలబ్బాయి పిక్క పట్టుకుంది.

పశువుల డాక్టరు, రిటైర్డ్ (తణుకు) · డిసెంబర్ 5, ఉదయం 8:30

పై అమ్మాయి చెప్పింది నిజం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ముళ్ళ బెల్టుతో ఇంకో చిక్కు ఉంది. ఎదుటి కుక్క కనబడ్డప్పుడల్లా మెడ నొప్పి పుడితే “కుక్క అంటే నొప్పి” అని నేర్చుకుంటుంది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కథ బళ్ళో చదివే ఉంటారు. ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. అన్నం పెట్టకముందే కుక్కలకి లాలాజలం ఊరడం ఆ ప్రయోగాల్లోనే కంటబడింది. మనం చెయ్యాల్సిందీ ఆ ముడి వెయ్యడమే. దూరంగా కుక్క కనబడితే నోట్లో మంచి ముక్క పడాలి. వరస ముఖ్యం. ముందు కుక్క కనబడాలి, తర్వాత ముక్క. తిరగేస్తే మీరు జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఎక్కడో కుక్క ఉందని అనుమానపడుతుంది.

అమ్మా, దానికంటే ముందు ఒకసారి పరీక్ష చేయించండి. చెవిలో చీము, తుంటి నొప్పి, పంటి నొప్పి, వీటిలో ఏది ఉన్నా కుక్క చిరాకుగా ఉంటుంది. మన కోనసీమ తేమకి పిడుదులు ఎక్కువ, వాటివల్ల జ్వరాలొచ్చి నీరసపడిన కుక్కలని ఎన్నో చూశాను. రేబిస్ టీకా ఏటా పడుతోందా? బోదెల్లో నీళ్ళు తాగే కుక్క కాబట్టి ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి కూడా టీకా ఉందో లేదో చీటీలో చూసుకోండి.

ఇంకొకటి. కుక్కపిల్లకి లోకం అలవాటయ్యే వయసు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల దాకా. ఆ రోజుల్లో మీ జున్ను లంకలో ఉంది. గట్టు మీద సైకిళ్ళు, బళ్ళు చూసి ఉండదు. తర్వాత నేర్పొచ్చు, కాకపోతే నెమ్మదిగా.

జున్ను వాళ్ళమ్మ · డిసెంబర్ 7, రాత్రి 8:55

అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారూ, చూపించాను. ఎడమ చెవిలో ఇన్ఫెక్షన్ ఉందట, చుక్కలు ఇచ్చారు. రెండు పిడుదులు తీశారు. ఏటా టీకా ఈ నెలలోనే పడాలట, అదీ వేయించాను.

తమ్ముడూ, కొలిచాను. మా వీధి అరుగు మీద కూర్చుని గట్టు వైపు చూస్తూ. మనుషులైతే ఇరవై అడుగులు. సైకిల్ అయితే యాభై. కుక్క అయితే నూట ఇరవై! ఆ నూట ఇరవై దగ్గర పెరుగన్నం ముద్ద మూతి దగ్గర పెట్టినా చూడలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. నేను చూసిన వీడియోల్లో అందరూ “దూరం పెంచండి, పక్కకి తప్పుకోండి” అంటారు. వాళ్ళకి విశాలమైన పార్కులు. నాకు ఎనిమిదడుగుల గట్టు. కుడివైపు తప్పుకుంటే కాలువ, ఎడమవైపు తప్పుకుంటే బోదె. కాటన్ దొర 1852లో ఆనకట్ట కట్టించినప్పుడు ఈ కాలువలు నీళ్ళ కోసం, పడవల కోసం అనుకుని ఉంటారు. కుక్కల నడక ఆయన ఊహలో లేదు. దూరం ఎక్కణ్ణుంచి తేను?

బస్టాండ్ వెనక (రావులపాలెం) · డిసెంబర్ 7, రాత్రి 9:20

గట్టు మానెయ్యండి. అంతే.

పాలకొల్లు పిల్లోడు · డిసెంబర్ 7, రాత్రి 10:40

పైనాయన టూకీగా చెప్పినా సరిగ్గా చెప్పారు. గట్టు అంటే గొట్టం. ఎదురొచ్చేవాడు నేరుగా ముఖం మీదకే వస్తాడు. కుక్కల మర్యాదలో అలా ఎదురెదురు రావడమే తప్పు, అవి వంపు తిరిగి వాసన చూసుకుంటూ కలుసుకుంటాయి. కొన్నాళ్ళు జున్నుకి గట్టు లేదు అనుకోండి. నడక ఒక రోజు మానేసినా కుక్క చావదు. కొబ్బరి తోట ఉందిగా? పొడుగు తాడు కట్టి అరగంట వాసన చూడనివ్వండి. ఎండుటాకుల్లో తిండి గింజలు చల్లితే ముక్కుతో ఏరుకుంటుంది. ఆ ఏరుకోవడంలో దాని ఊపిరి నెమ్మదిస్తుంది, మీరే చూస్తారు.

ఈలోగా రెండు మాటలు నేర్పండి. ఒకటి “వెనక్కి”. ముందు వంటింటి నడవాలో, తర్వాత దొడ్లో. సరదా గొంతుతో “వెనక్కి!” అని మీరు గిరుక్కున తిరిగి నాలుగడుగులు వెయ్యడం, అది తిరిగి రాగానే ముక్క. ఎవరూ లేనప్పుడు రోజుకి ఇరవైసార్లు. ఎవరో ఎదురొచ్చినప్పుడు మొదటిసారి అంటే పని చెయ్యదు.

రెండోది “ఏదీ?”. దూరంగా ఒక సైకిల్ ఆగి ఉంది, అది చూస్తుంది, చూసిన క్షణంలో “ఏదీ?” అనండి, ముక్క ఇవ్వండి. మళ్ళీ చూస్తే మళ్ళీ ముక్క. కొన్నాళ్ళకి సైకిల్ చూసి తనే మీ ముఖం వైపు తిరుగుతుంది, “చూశానుగా, ఏదీ నా ముక్క?” అన్నట్టు. తిండి నోట్లోంచి జారిపోతున్నా, వేళ్ళు కొరికేలా లాక్కుంటున్నా మరీ దగ్గరున్నారని అర్థం, వెనక్కి జరగండి.

దూరం లేనిచోట అడ్డం సంపాదించాలి. గడ్డిమేటు వెనక, ఆగి ఉన్న ట్రాక్టరు వెనక, ఎవరి గేటు తీసి ఉంటే వాళ్ళ గేటు లోపల. కనబడకపోతే సగం దూరం ఉన్నట్టే. నేను మా ఊళ్ళో ప్రతి నూరడుగులకీ ఒక దాగుడు చోటు గుర్తు పెట్టుకున్నాను. మా ఆవిడ నవ్వేది, అప్పులవాళ్ళకి దాక్కుంటున్నట్టు ఉందని.

పాత మునసబు · డిసెంబర్ 8, ఉదయం 5:05

కొట్టడం గురించి నా అభిప్రాయం నాదే. కానీ ఆ అమ్మాయికి దారి కావాలంది కాబట్టి చెప్తున్నా. మీ ఊరి వెనక పుంత ఉండే ఉంటుంది. బళ్ళు తోలుకునే పాత పుంతలు, ఇప్పుడు రోడ్డు పడ్డాక ఎవరూ నడవట్లేదు. సార్వా కోతలు అయిపోయాయి, నారు పడి దాళ్వా నాట్లు వేసేదాకా చేలు ఖాళీ. పుంతలోంచి చేలోకి ఎక్కడైనా దిగొచ్చు. గట్టు మీద తూముల దగ్గర దిగే మెట్టు ఉంటుంది, అది కూడా పనికొస్తుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక కాలువలోనే నడవొచ్చు, బురద ఎండాలి గానీ.

జున్ను వాళ్ళమ్మ · డిసెంబర్ 8, ఉదయం 6:30

బాబాయ్ గారూ, పుంత ఉంది! పెళ్ళయి పదేళ్ళయినా అటు వెళ్ళలేదు నేను. తుమ్మకంప అడ్డం పడి ఉంటుంది, కత్తి పట్టుకెళ్ళాలి.

ముక్కల సంగతే తేలట్లేదు. అందరూ కోడి కార్జం, ఉడికించిన గుడ్డు అంటారు. మా వంటింట్లోకి అవి రావు. బిస్కెట్ అయితే ఇంట్లో తింటుంది, బయట ఉమ్మేస్తుంది.

పశువుల డాక్టరు, రిటైర్డ్ · డిసెంబర్ 8, ఉదయం 9:15

పనీరు వాడమ్మా, ఉప్పు లేనిది. శనగ గింజంత ముక్కలు చాలు, నాలుగు రోజులు చూసి అరుగుదల బాగుంటే కొనసాగించు. పచ్చికొబ్బరి కూడా కొంచెం పెట్టొచ్చు, ఎక్కువైతే విరేచనాలు. ఎండుచేపలు పెట్టమని ఎవరైనా చెప్తారేమో, ఉప్పు చాలా ఎక్కువ. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కలకి విషం. పరమాన్నంలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకో.

చెరువుగట్టు (భీమవరం) · డిసెంబర్ 9, రాత్రి 11:50

రొయ్యల చెరువుల మీద కాపలా పని నాది, రాత్రుళ్ళు కుక్కల మధ్యే. మీరంతా ఎదురొచ్చే కుక్క తాడు మీద ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు. మన ఊళ్ళలో ఎదురొచ్చేది వీధి కుక్క. దానికి తాడూ లేదు, పక్కన యజమానీ లేడు. వాటికి హద్దులుంటాయి. పంపు దగ్గరి గుంపు లాకు దగ్గరికి రాదు. రెండు రోజులు కుక్క లేకుండా మీరొక్కరే తిరిగి, ఏ గుంపు ఎక్కడ పడుకుంటుందో చూసుకోండి. హద్దు దాటి వాటి చోట్లోకి మీ కుక్కని తీసుకెళ్ళి, అవి మీద పడ్డాయంటే తప్పు వాటిది కాదు.

చెవి కొస కత్తిరించి ఉందంటే దానికి ఆపరేషన్ అయినట్టు. అవి చాలావరకు కాస్త నెమ్మది. పిల్లలు పెట్టిన తల్లి ఉన్నచోటికి మాత్రం నెల రోజులు పోవద్దు.

వస్తే పరుగెత్తకండి. మీ కుక్కని వెనక్కి నెట్టి మీరు ముందు నిలబడండి, గట్టిగా “పో” అనండి. రాయి తీసినట్టు వంగితే చాలా కుక్కలు ఆగుతాయి, విసరక్కర్లేదు. కానీ రాయి దెబ్బ తిన్న కుక్క మీదైతే అదీ హడలిపోతుంది, చూసుకోండి. నేనైతే జేబులో గుప్పెడు తిండి ఉంచుకుని వాటి వెనక్కి పడేలా విసురుతాను. అవి ఏరుకునేలోపు నేను చెరువు దాటేస్తాను. రాత్రిపూట మా చెరువుల వైపు మాత్రం రాకండి, మా కుక్కలు మా మాటే వినవు.

పశువుల డాక్టరు, రిటైర్డ్ · డిసెంబర్ 10, ఉదయం 7:10

మంచి మాటలు బాబూ. ఒకటి కలుపుతాను. కుక్క గీరినా, కరిచినా పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 28 రోజులకి సూదులు. సొంత కుక్కే కదా, టీకా వేయించాం కదా అని మీరే తేల్చుకోకండి, డాక్టరుకి చూపించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

గౌతమి ఒడ్డు · డిసెంబర్ 10, ఉదయం 10:22

జున్నుకి మెడ బెల్టేనా అక్కా? భయపడే కుక్క ముందుకే కాదు, వెనక్కీ గుంజుతుంది. తల సన్నగా ఉండే నాటు కుక్కలకి బెల్టు చెవుల మీదుగా జారిపోతుంది. ఛాతీ పట్టీ వెయ్యండి. మా దగ్గర దొరికేవన్నీ బొచ్చు కుక్కల సైజులే, చంకలో ఒరుసుకుని పుండు పడింది మా దానికి.

పాలకొల్లు పిల్లోడు · డిసెంబర్ 10, మధ్యాహ్నం 1:15

నేను మంచం నవారుతో కుట్టించాను. చెప్పులు కుట్టే ఆయనకి కుక్కని చూపించి, దాని మీదే కొలత తీసుకున్నాం. మెడ చుట్టూ ఒక వలయం, ముందు కాళ్ళ వెనక పక్కటెముకల చుట్టూ ఒక వలయం, రెండిటినీ కలుపుతూ వీపు మీద ఒక పట్టీ, రొమ్ము మీదుగా కాళ్ళ మధ్య నుంచి ఒక పట్టీ. భుజం కీలుకి ఏదీ అడ్డం రాకూడదు. రెండు వేళ్ళు దూరేంత వదులు. తాడు వీపు మీది కడియానికి, ఒక చిన్న ముక్క తాడు మెడ బెల్టుకి కూడా, ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని.

పొడుగు తాడుకి నైలాన్ వద్దు, జర్రున లాగితే అరచెయ్యి కాలుతుంది. కొబ్బరి తాడు గీసుకుపోతుంది. ఇరవై అడుగుల నూలు తాడు తెచ్చుకోండి. అది కూడా తోటలోనే, రోడ్డు మీద ఆరడుగులదే. నొక్కితే లోపలికి చుట్టుకునే డబ్బా తాళ్ళు దయచేసి కొనకండి.

పాత మునసబు · డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:40

నవారు వెడల్పు ఎంత తీసుకోవాలి? ముప్ఫై కిలోల కుక్కకి.

పాలకొల్లు పిల్లోడు · డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:52

అంగుళంన్నర వెడల్పుకి మడిచి రెండు వరసల కుట్టు వేయించండి బాబాయ్ గారూ. కడియం ఇనుపది, అతుకు లేనిది.

జున్ను వాళ్ళమ్మ · జనవరి 3, రాత్రి 9:30

నెల అవుతోంది, చెప్తానన్నాను కదా.

మొదటి పది రోజులు గట్టు ఎక్కలేదు. తోటలో పొడుగు తాడు. ఆ పది రోజుల్లో జున్ను పడుకోవడం మారింది. ఇంతకుముందు ఒక కన్ను తెరిచి పడుకునేది, ఇప్పుడు వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది. చెవి తగ్గడం వల్లా, గట్టు మానడం వల్లా నాకు తెలియదు.

తర్వాత మా ఆడపడుచు కొడుకుని పట్టుకున్నాను. ఎనిమిదో తరగతి, సైకిల్ ఉంది. పుంత చివర ఎనభై అడుగుల దూరంలో సైకిల్ స్టాండు వేసి పక్కన చెట్టులా నిలబడమన్నాను. జున్ను చూసింది, “ఏదీ?”, పనీరు. ఐదు నిమిషాలు, అంతే, ఇంటికి. మూడో రోజు సైకిల్ నడిపించుకుంటూ అడ్డంగా వెళ్ళమన్నాను, మా వైపు కాదు. వారం తర్వాత ఎక్కి తొక్కాడు. మొదటిసారి బెల్లు కొట్టాడు వెధవ, మొత్తం పాడైంది, మళ్ళీ ఎనభైకి వెళ్ళాం. ఇప్పుడు తొక్కే సైకిల్ ముప్ఫై అడుగుల్లో వెళ్తుంటే నా ముఖం చూస్తోంది. వాడి జీతం రోజుకో తొక్కుడు లడ్డూ.

కుక్కలు ఇంకా నూరడుగులే. ఇరవై తగ్గింది నెలకి. మావారు నవ్వుతున్నారు, ఈ లెక్కన గట్టు ఎక్కేసరికి మనవలొస్తారని.

అత్తయ్య గారు పనీరు ఖర్చు చూసి కొబ్బరి కోరు పక్కన పెట్టడం మొదలుపెట్టారు. అడగలేదు నేను.

పశువుల డాక్టరు, రిటైర్డ్ · జనవరి 4, ఉదయం 7:00

చాలా బాగుందమ్మా. పండగొస్తోంది జాగ్రత్త. మీది అంబాజీపేట వైపు కాబట్టి కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. జనం, డప్పులు, బాణసంచా. ఆ మూడు రోజులు శిక్షణ వద్దు, బయటికే వద్దు. చీకట్నే దొడ్లో తాడు మీద కాలకృత్యాలు, అంతే. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ పెట్టి, రేడియో మోగనివ్వండి. భయపడి మీ దగ్గరికొస్తే దగ్గరికి తీసుకోండి. ఓదారిస్తే భయం పెరుగుతుందనేది వట్టి మాట. మెడలో ఫోన్ నంబరు బిళ్ళ ఉంచండి.

జున్ను వాళ్ళమ్మ · జనవరి 19, రాత్రి 8:10

పండగ మూడు రోజులూ మీరు చెప్పినట్టే చేశాను. చేసిన తప్పంతా ముక్కనుమ మర్నాడు. పండగ అయిపోయింది కదా అని పుంతకి తీసుకెళ్ళాను. వెళ్తుంటే మిగిలిన టపాకాయ ఎవరో పేల్చారు. కొంచెం దూరంలో ఊరికొచ్చిన చుట్టాల కారు హారన్. ఆ తర్వాత గెల మోసుకుంటూ మనిషి. డిసెంబర్ చివరికి గెల మనిషిని చూసి పనీరు అడిగిన కుక్క, ఆ మనిషి మీదకి ఉరికింది. తాడు నిలిచింది గానీ ఆయన పంచె కొస చిరిగింది. పన్ను తగల్లేదు, దీపం పెట్టి మరీ కాలు చూశాం. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆరు వారాల పని గోదాట్లో కలిసింది.

గౌతమి ఒడ్డు · జనవరి 19, రాత్రి 8:45

కలవలేదు అక్కా. మనమూ ఒక రోజు గ్యాస్ అయిపోయి, బస్సు తప్పిపోయి, ఆఫీసులో మాట పడి ఇంటికొచ్చాక పిల్లాడు గ్లాసు పడేస్తే అరవమూ? గ్లాసు కాదు కదా కారణం. జున్నుకి మూడు రోజుల డప్పులు, తర్వాత టపాకాయ, హారన్. గెల మనిషి చివర వచ్చాడంతే. మూడు నాలుగు రోజులు తోటలోనే ఉంచండి, ఆ వేడి దిగుతుంది.

మూతికి బుట్ట కూడా అలవాటు చెయ్యండి. ఎద్దులకి చిక్కం కట్టమూ, అలాంటిదే. కుక్క నోరు తెరిచి రొప్పగలిగేలా, నీళ్ళు తాగగలిగేలా బుట్ట ఆకారంలో ఉండాలి. గుడ్డతో బిగించి కట్టేవి నడకకి పనికిరావు, ఎండలో ప్రాణం మీదకొస్తుంది. బుట్ట లోపల పనీరు పెట్టి తనంతట తనే మూతి దూర్చేదాకా రెండు వారాలు ఆగండి. మా వీధిలో ఇంకో లాభం చూశాను. బుట్ట చూసి జనమే దూరం జరుగుతారు!

పశువుల డాక్టరు, రిటైర్డ్ · జనవరి 20, ఉదయం 7:25

ఆయన కాలు మీద గీరు కూడా లేదని ఇంకోసారి పగటి వెలుగులో చూడండి. ఉంటే ఆసుపత్రి.

రెండు మూడు నెలలు ఇలా చేశాక కూడా దూరం తగ్గకపోతే మందుల గురించి మీ పశువైద్యుడితో మాట్లాడండి. ఫ్లూఆక్సెటిన్ లాంటివి భయం ఎక్కువున్న కుక్కలకి వాడతారు. పూర్తి గుణం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది మత్తుమందు కాదు, శిక్షణ తలకెక్కేలా భయాన్ని కాస్త దించుతుంది. మోతాదు డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్రలు, పారాసిటమాల్ సొంతంగా వెయ్యకండి.

బస్టాండ్ వెనక · జనవరి 20, ఉదయం 8:00

పంచె కొనిచ్చారా?

జున్ను వాళ్ళమ్మ · జనవరి 20, ఉదయం 8:04

జరీ అంచుది. కాలు మీద ఏమీ లేదు, పొద్దున్న మళ్ళీ చూశాం.

జున్ను వాళ్ళమ్మ · ఏప్రిల్ 26, ఉదయం 8:15

చాలా రోజులైంది. ఎవరో కొత్తవాళ్ళు నాకు సందేశం పెట్టి “తర్వాతేమైంది” అని అడిగారు, అందుకని.

మందు దాకా వెళ్ళలేదు. బుట్ట అలవాటైంది. కుక్కలు ఇప్పుడు నలభై అడుగులు, ఎదురుగా కాకుండా పక్కగా పోతుంటే ముప్ఫై. పంపు దగ్గరి గుంపు వైపు వెళ్ళం, ఎప్పటికీ వెళ్ళం. వాన పడిన రోజు, దింపు తీసే రోజు నడక లేదు. ఎండలు ముదిరాక అరచెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఆనించి చూస్తాను, ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోలేకపోతే వెనక్కి. అందుకే ఐదున్నరకే బయల్దేరుతున్నాం.

కాలువ కట్టేశారు. మునసబు బాబాయ్ గారు చెప్పింది గుర్తొచ్చి, బురద ఎండిన చోట తూము మెట్ల మీదుగా లోపలికి దిగాం. ఇన్నాళ్ళూ ఎనిమిదడుగుల గట్టు మీద ఒదిగి నిలబడ్డ దాన్ని, ఒక్కసారి అంత వెడల్పు చూసేసరికి ఏమిటోలా అనిపించింది. అడుగున ఎండిన నాచు, ఆల్చిప్పలు, ఎవరిదో ఒంటి చెప్పు. జున్ను ఒక్కో ఆల్చిప్పా వాసన చూస్తూ అరగంట నడిచింది. పైన గట్టు మీద మనుషులు పోతుంటే తలెత్తి చూడటం, నా వైపు తిరగడం, ముక్క. ఇన్నాళ్ళ నుంచీ నేను వెతికిన దూరం కాలువలోనే ఉంది.

నిన్న పొద్దున్న పైన మోపెడ్ చప్పుడైంది. చేపలాయన. నన్ను చూసి బండి ఆపేశాడు, ఇంజను కూడా కట్టేశాడు, దిగి రెండో వైపుకి తిరిగి నిలబడ్డాడు. నేనేమీ చెప్పలేదు. డిసెంబర్ నుంచీ మా అవస్థ ఎక్కడినుంచో చూస్తూనే ఉన్నట్టున్నాడు. ఇరవై ఐదు అడుగులు ఉంటుంది. జున్ను బిగుసుకుంది, ముక్కు పైకెత్తింది. చేపల వాసన కదా. నేను తాడు వదులుగానే ఉంచాను, చెయ్యి మాత్రం వణికింది. “ఏదీ?” అన్నాను. చూసింది. నా వైపు తిరిగింది. కొబ్బరి ముక్క నమిలింది.

“అలవాటు పడిందాండి?” అన్నాడాయన, అటు తిరిగే.

పడుతోందన్నాను. బండి తీసి వెళ్తున్నప్పుడు మాత్రం మొరిగింది. ఒక్కటే.